ముందు ఫిల్టర్, ఆ తర్వాతే చేపలు: పెద్ద అక్వేరియంలోకి మార్చడం ఎలా?

"మూడడుగుల ట్యాంక్ కొన్నామండీ, గోల్డ్ ఫిష్‌ని ఎప్పుడు వెయ్యొచ్చు?" విజయవాడ, గుంటూరుల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. వారం తిరక్కుండా అదే మనిషి మళ్ళీ అడుగుతారు: "వేసిన రోజు బాగానే తిరిగాయి, నాలుగో రోజు నుంచి ఒక్కొక్కటీ పోతున్నాయి. కొత్త ట్యాంక్ కలిసి రాలేదంటారా?" కలిసి రాకపోవడమేమీ లేదు. ట్యాంక్‌తో పాటు కొత్త ఫిల్టర్ కొని, పాతదాన్ని శుభ్రంగా కడిగి అటక మీద పెట్టేసి ఉంటారు. చేపలు పోయింది దాని వల్లే.

థియరీ ఒక్క పేరాలో చెప్పేస్తాను. చేపల వ్యర్థాలు, మిగిలిపోయిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది విషం. ఫిల్టర్ స్పాంజ్‌లో, సిరామిక్ రింగుల మీద, గులకరాళ్ళ మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఆ తర్వాత నైట్రేట్ చేస్తుంది, దాన్ని చేపలు చాలావరకు తట్టుకుంటాయి. కొత్త ట్యాంక్‌లో ఈ బ్యాక్టీరియా తనంతట తాను నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత ఫిల్టర్ తెచ్చి పెట్టారంటే పాలకి తోడు వేసినట్టే. పాత నీళ్ళు మొత్తం మోసుకొచ్చి పోసినా ఆ పని జరగదు, ఎందుకంటే నీళ్ళలో బ్యాక్టీరియా ఉండేది చాలా తక్కువ.

కావలసినవి

- కొత్త ట్యాంక్, స్టాండ్, అరంగుళం మందం థర్మాకోల్ షీట్, మూత
- పాత ఫిల్టర్ (ఉన్నది ఉన్నట్టుగా, కడగకుండా), వీలైతే అదనంగా ఒక స్పాంజ్ ఫిల్టర్ (ఎయిర్ పంప్ గాలితో నడిచేది)
- ఎయిర్ పంప్, ఎయిర్ స్టోన్, రెండు మీటర్ల సన్న ఎయిర్ ట్యూబ్
- సబ్బు, సర్ఫ్, ఫినాయిల్ ఎప్పుడూ తగలని బకెట్లు రెండు, మార్చేటప్పుడు చేపల్ని ఉంచడానికి మూత ఉన్న ప్లాస్టిక్ టబ్ ఒకటి
- రెండు నెట్లు, నీళ్ళు లాగే సిఫన్ పైపు, థర్మామీటర్
- నీళ్ళలో క్లోరిన్ తీయడానికి యాంటీ క్లోరిన్ మందు లేదా హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు
- చుక్కల రకం అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం) టెస్ట్ కిట్లు

చివరిదాన్ని చాలామంది "ఎందుకులెండి" అని వదిలేస్తారు. నన్నడిగితే లైట్లు, రంగు రాళ్ళు, బుడగలొదిలే బొమ్మ మానేసి ఆ డబ్బు కిట్ మీద పెట్టండి. తేటగా కనబడే నీళ్ళలోనూ చేపని చంపేంత అమ్మోనియా ఉండొచ్చు, కంటితో పోల్చుకోలేం. మన వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు చేసేవాళ్ళందరికీ ఈ కిట్ల సంగతి తెలుసు. అక్వేరియం షాపులో దొరక్కపోతే ఆక్వా మందుల షాపులో అడగండి.

1. మూడు నాలుగు వారాల ముందే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి

కొత్త స్పాంజ్ ఫిల్టర్‌ని తెచ్చి, పాత ట్యాంక్‌లోనే, ఉన్న ఫిల్టర్ పక్కన పెట్టి నడవనివ్వండి. మార్చే రోజుకి దాని నిండా బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. ఇది చేసినవాళ్ళు మిగతా దశల్లో చిన్న చిన్న పొరపాట్లు జరిగినా గట్టెక్కిపోతారు.

అంత టైమ్ లేదా? అయితే పాత ఫిల్టర్‌నే తీసుకెళ్ళి పెడతారు. కొత్త పవర్ ఫిల్టర్ (మోటారుతో నడిచేది) వాడాలనుకుంటే పాత స్పాంజ్‌నో రింగుల్నో దాని లోపల ఇరికించండి. లేదంటే రెండు ఫిల్టర్లూ కనీసం నెల రోజులు పక్కపక్కనే నడపండి.

2. చోటు, బరువు, లీకు

పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంక్‌లో దాదాపు 160 లీటర్లు పడతాయి. నీళ్ళే 160 కిలోలు. అద్దం, రాళ్ళు, స్టాండ్ కలిస్తే రెండు వందలు దాటుతుంది. నింపాక జరపడం కుదరదు, కాబట్టి ఇప్పుడే ఆలోచించండి. గోడ వారగా, ఎండ నేరుగా పడని చోట పెట్టండి. పడమటి కిటికీ దగ్గర పెడితే వేసవిలో చేపల ప్రాణం మీదకొస్తుంది, మిగతా నెలల్లో పాచితో మీ ప్రాణం మీదకొస్తుంది. స్టాండ్ కాళ్ళు ఆనే టైల్‌ని వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు లేనట్టే, ఆ బరువుకి టైల్ పగులుతుంది. పక్కకి జరగండి.

స్టాండ్ మీద థర్మాకోల్ పరిచి, దాని మీద ట్యాంక్ పెట్టి, అంచు దాకా నింపి ఒక రోజంతా వదిలేయండి. కింద పాత న్యూస్ పేపరు పరచండి. సన్న లీకు అద్దం మీద కనబడకపోయినా పేపరు మీద మరకై కనిపిస్తుంది. నీటి మట్టం ఒక మూల అద్దం అంచుకి దగ్గరగా, ఇంకో మూల దూరంగా ఉందంటే స్టాండ్ వాలుగా ఉందన్నమాట. ఖాళీ చేసి సరిచేయండి. ట్యాంక్ కింద అట్టముక్క దోపి సరిపెట్టొద్దు, ఆ ఒక్క చోటే ఒత్తిడి పడి అద్దం చిట్లుతుంది.

ట్యాంక్ అప్పుడే చేయించినదైతే సిలికాన్ పుల్లటి వెనిగర్ వాసన పూర్తిగా పోయే దాకా ఆగండి. తర్వాత ఒకసారి నింపి ఆ నీళ్ళు పారబోయండి.

3. మీ నీళ్ళు ఏవో తెలుసుకోండి

విజయవాడ, గుంటూరు రెండింటిలోనూ మున్సిపల్ కుళాయిలో వచ్చేవి కృష్ణ నీళ్ళే. మనం తాగడానికి మంచిదే, కానీ అందులో క్లోరిన్ ఉంటుంది. కుళాయి దగ్గర కనీసం 0.2 పీపీఎం (లీటరుకి 0.2 మిల్లీగ్రాములు) మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం చెబుతుంది. వరద రోజుల్లో నది ఎర్రబారినప్పుడు ఆ మోతాదు పెరగొచ్చు. క్లోరిన్ చేప మొప్పల్ని కాల్చేస్తుంది, మనం కష్టపడి తెచ్చిన బ్యాక్టీరియానీ చంపేస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. పైన ట్యాంక్‌లోకి ఒకరోజు కుళాయి నీళ్ళు, ఒకరోజు బోరు నీళ్ళు ఎక్కిస్తుంటారు. ఈ మధ్య ట్యాంక్ బ్లీచింగ్ వేసి కడిగారేమో వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకోండి. కడిగి మూడు రోజులు కాకపోతే మార్చే పని వాయిదా వేయండి.

బోరు నీళ్ళలో క్లోరిన్ బాధ లేదు గానీ చాలా చోట్ల లవణాలు ఎక్కువ. గోల్డ్ ఫిష్, మోలీ, గప్పీ లాంటివి సర్దుకుపోతాయి. ఏంజెల్, టెట్రాలకి కాస్త కష్టమే. బోరు నీళ్ళని తోడిన వెంటనే టెస్ట్ చేస్తే పీహెచ్ తక్కువ చూపిస్తుంది, ఒక రోజు గాలి తగిలాక పెరుగుతుంది. అందుకని గ్లాసులో పట్టి మర్నాడు చూడండి. ఆ అంకెని పాత ట్యాంక్ అంకెతో పోల్చండి. తేడా 0.5 దాటితే 8వ దశలో ఇంకాస్త నిదానం కావాలి.

20 లీటర్ల క్యాన్ నీళ్ళతో నింపితే మంచిదా అని చాలామంది అడుగుతారు. వద్దు. ఆర్వోలో ఖనిజాలు దాదాపు పోతాయి, ఆ నీళ్ళలో పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే సగం సగం కలుపుకోండి, అంతవరకే.

4. నింపండి, ఒక రోజు నడపండి

కొత్త గులకరాళ్ళని బకెట్లో వేసి, చేత్తో కలుపుతూ, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. సబ్బు వద్దు. రాళ్ళ మీద ప్లేటు బోర్లించి దాని మీద నీళ్ళు పోస్తే అడుగు కదలదు. ట్యాంక్‌ని మూడింట రెండు వంతులే నింపండి, మిగతాది పాత నీళ్ళకి ఉంచండి.

ఎండాకాలంలో మధ్యాహ్నం పూట పైన ట్యాంక్ నుంచి నింపారంటే వేడి నీళ్ళు పట్టినట్టే. తెల్లవారుజామున పట్టుకోండి. యాంటీ క్లోరిన్ అయితే సీసా మీద రాసినంత వేయండి. హైపో పలుకులైతే 100 లీటర్లకి ఒక గ్రాము చాలు. తర్వాత ఎయిర్ స్టోన్ వేసి 24 గంటలు నడవనివ్వండి. మందు దొరకనివాళ్ళు కూడా ఇలా గాలి కొడుతూ ఒక రోజు వదిలేస్తే మామూలు క్లోరిన్ పోతుంది. పోయిందో లేదో చూడటానికి చుక్కల క్లోరిన్ కిట్ చవకగా దొరుకుతుంది. నీళ్ళు పసుపు రంగుకి తిరిగితే ఇంకా ఉన్నట్టు.

5. ముందు రోజు

మేత ఆపేయండి. ఒక రోజు పస్తుంటే చేపకి ఏమీ కాదు, టబ్‌లో ఉన్నప్పుడు నీళ్ళు పాడవవు. మందకొడిగా ఉన్న చేప, ఒంటి మీద తెల్ల చుక్కలున్న చేప కనబడితే ఆగిపోండి. ముందు పాత ట్యాంక్‌లోనే వైద్యం, తర్వాతే మార్పు. కరెంటు కోత ఉందేమో కూడా చూసుకోండి. లైన్ల మరమ్మతులకి సరఫరా ఆపే వేళలు పేపరు జిల్లా పేజీల్లో వేస్తుంటారు.

6. ఆ రోజు పొద్దున్నే: నీళ్ళు, ఫిల్టర్

హీటర్ ఉంటే ప్లగ్ తీసి 20 నిమిషాలు ఆగండి. వేడిగా ఉండగా నీటి మట్టం తగ్గితే దాని గాజు పగులుతుంది. సిఫన్ పైపుతో పై భాగం తేట నీళ్ళు బకెట్‌లోకీ, చేపల టబ్‌లోకీ లాగండి. అడుగు కెలక్కండి.

ఇప్పుడు ఫిల్టర్. స్పాంజ్‌ని బకెట్లోని పాత నీళ్ళలో ముంచి, మెల్లగా రెండు మూడు సార్లు పిండండి. మడ్డిలాంటి గోధుమరంగు నీళ్ళు వస్తాయి, స్పాంజ్ ఇంకా మురికిగానే ఉంటుంది, చేతికి కాస్త జారుతుంది. అక్కడ ఆపేయండి. కుళాయి కింద పెట్టి తెల్లగా తోమాలని చెయ్యి లాగుతుంది, తోమారంటే మొదటికొస్తారు. వెంటనే కొత్త ట్యాంక్‌లో పెట్టి ఆన్ చేయండి. స్పాంజ్ ఆరిపోకూడదు, గాలి తగలని మూసిన డబ్బాలో గంటల తరబడి ఉండకూడదు.

పాత గులకరాళ్ళు కూడా తీసుకెళ్ళాలనుకుంటే చేపలన్నీ బయటికి వచ్చాకే కదపండి. అడుగున నల్లటి మచ్చలు, కుళ్ళిన గుడ్డు వాసన ఉంటే ఆ భాగం పారేయండి. మంచివి నాలుగు గుప్పెళ్ళు పాత నీళ్ళలో కడిగి, ఉల్లిపాయలొచ్చే వల సంచిలో కట్టి, ఫిల్టర్ దగ్గర వేలాడదీయండి. నెల తర్వాత తీసేయొచ్చు. పాత రాళ్ళు కొత్త ట్యాంక్‌లో నచ్చనివాళ్ళకి ఇది బాగుంటుంది.

7. చేపల్ని పట్టడం

ముందు రాళ్ళు, బొమ్మలు, మొక్కలు తీసేయండి. నీళ్ళు జానెడు మిగిలేదాకా లాగండి. లైటు ఆపండి. నిండు ట్యాంక్‌లో నెట్ పట్టుకుని వెంటాడితే మీకు చెమట, దానికి ప్రాణసంకటం. రెండు నెట్లు వాడండి: ఒకటి కదలకుండా మూలన పట్టుకోండి, రెండోదాంతో నెమ్మదిగా అటు తోలండి.

సక్కర్ ఫిష్, క్యాట్ ఫిష్‌లకి నెట్ వద్దు. వాటి ముళ్ళు వలలో చిక్కుకుంటాయి, లాగితే రెక్క చిరుగుతుంది. ప్లాస్టిక్ డబ్బా ముంచి పట్టండి. ఉబ్బు కళ్ళ గోల్డ్ ఫిష్‌కీ డబ్బానే. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్దవాటికి ఒక్కోదానికి ఒక టబ్ ఇవ్వండి, మూత మీద బరువు పెట్టండి. ఆస్కార్ మూతని తల్తో గుద్ది తెరిచి నేల మీద పడిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. టబ్‌లో ఎయిర్ స్టోన్ తప్పనిసరి, ఎండాకాలం మరీ. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే.

8. నీళ్ళు అలవాటు చేయడం

కైకలూరు వైపు చెరువుల్లో చేప పిల్లని వదిలేటప్పుడు చూడండి, సంచిని కాసేపు చెరువు నీళ్ళలో తేలనిచ్చి, తర్వాత కొద్దికొద్దిగా చెరువు నీళ్ళు లోపలికి పోనిస్తారు. మనమూ అదే చేస్తాం, కాస్త నాజూగ్గా.

టబ్‌ని ట్యాంక్ కంటే కింద పెట్టండి. సన్న ఎయిర్ ట్యూబ్ ఒక చివర ట్యాంక్‌లో వేసి, రెండో చివర నోటితో ఒకసారి పీల్చి నీళ్ళు రానివ్వండి. ట్యూబ్‌కి వదులుగా ఒక ముడి వేసి బిగిస్తూ రండి. ధార సన్నబడుతుంది. టబ్‌లో నీళ్ళు ముప్పావు గంటలో రెట్టింపయ్యే వేగం ఉండేలా చూసుకోండి. టబ్‌లో నీళ్ళు రెట్టింపయ్యేసరికి థర్మామీటర్ రెండు చోట్లా పెట్టి చూడండి. తేడా రెండు డిగ్రీల లోపు ఉంటే, పీహెచ్ దగ్గరికొస్తే చాలు. మామూలుగా 45 నిమిషాలు పడుతుంది. పీహెచ్ తేడా ఎక్కువుంటే గంటన్నర దాకా పోనివ్వొచ్చు. అంతకు మించి టబ్‌లో ఉంచితే అక్కడే అమ్మోనియా పెరుగుతుంది.

పాత బకెట్ నీళ్ళని ఈలోగా కొత్త ట్యాంక్‌లో పోసేయండి. మొత్తంలో మూడో వంతు పాత నీళ్ళుంటే తేడా చాలావరకు తగ్గుతుంది.

9. వదలడం

డబ్బాతో పట్టి, ట్యాంక్ నీళ్ళలో వంచి, చేపనే బయటికి ఈదనివ్వండి. టబ్ నీళ్ళు కూడా పడినా కొంప మునగదు, అవి మీ ట్యాంక్‌వే. షాపు నుంచి తెచ్చిన చేపకి మాత్రం అలా చేయొద్దు. ముందు చిన్నవాటిని, పిరికివాటిని వదలండి. గొడవపడే టైగర్ బార్బ్‌లు, పెద్ద ఏంజెల్‌లు చివర. మూత పెట్టండి, కొత్త చోట మొదటి రాత్రి ఎగిరి పడేవి ఎక్కువ. ఆ రోజంతా లైటు, మేత రెండూ వద్దు. ఫైటర్ చేపకి పవర్ ఫిల్టర్ ధార ఎదురీత అవుతుంది, ధారని అద్దం వైపు తిప్పండి.

వైర్ల సంగతి: ప్లగ్ కంటే కిందికి ఒక వంపు వచ్చేలా వేలాడదీయండి. వైరు వెంట జారిన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, ప్లగ్‌లోకి పోవు.

బాగానే ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి రోజు మూల నక్కడం, రంగు వెలిసినట్టు కనబడటం మామూలే. రెండో రోజు చిటికెడు మేత వేయండి, రెండు నిమిషాల్లో తినేస్తే బండి దారిలో పడినట్టు. పైకొచ్చి నోరు తెరుస్తూ గాలి మింగుతుంటే, మొప్పలు ఎర్రబడితే, రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చుంటే వెంటనే టెస్ట్ చేయండి. ఫైటర్, గౌరామీ అప్పుడప్పుడూ పైకి రావడం వాటి సహజం, దానికి టెన్షన్ పడకండి.

మొదటి వారం రోజూ, తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. చాలా అమ్మోనియా కిట్లలో పసుపు అంటే సున్నా, ఆకుపచ్చకి తిరిగితే అమ్మోనియా ఉన్నట్టు. పగటి వెలుగులో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి, ట్యూబ్‌లైట్ కింద రంగు మోసం చేస్తుంది. ఇంకో సంగతి, పీహెచ్ 8 దాటినా, నీళ్ళు వేడెక్కినా అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది. మన ఎండలకి, మన బోరు నీళ్ళకి 0.25 పీపీఎం చూపించినా తేలిగ్గా తీసుకోలేం.

- అమ్మోనియా 0.25 ఉంటే: మేత సగం చేసి, క్లోరిన్ తీసిన నీళ్ళతో పావు వంతు మార్చండి.
- 0.5 దాటితే: మేత ఆపి, సగం నీళ్ళు మార్చండి. మర్నాడు మళ్ళీ చూడండి, అవసరమైతే మళ్ళీ మార్చండి.
- నైట్రైట్ కనబడితే: నీళ్ళు మార్చడంతో పాటు లీటరుకి ఒక గ్రాము గళ్ళుప్పు కరిగించి పోస్తే గోల్డ్ ఫిష్, మోలీ, గప్పీలకి ఉపశమనం. కోరిడోరస్, లోచ్ చేపలు, మొక్కలు ఉన్న ట్యాంక్‌లో ఉప్పు వద్దు.

మూడో రోజుకి నీళ్ళు తెల్లగా మసకబారొచ్చు. కంగారుపడి మొత్తం పారబోసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. అమ్మోనియా సున్నా ఉంటే ఏమీ చేయకండి, కొద్ది రోజుల్లో తనే తేటపడుతుంది. ముందు జాగ్రత్త అని ఎవరైనా నీలి మందు (మెథిలీన్ బ్లూ), యాంటీబయాటిక్ ఇస్తే తీసుకోకండి. చేపకి జబ్బు లేనప్పుడు ఆ మందు పనిచేసేది మీ ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా మీదే.

ఎక్కువగా వచ్చే మరికొన్ని ప్రశ్నలు

పాత ట్యాంక్ ఉన్న చోటే కొత్తది పెట్టాలంటే? ఆ ఒక్కరోజూ చేపలు, ఫిల్టర్ రెండూ పెద్ద టబ్‌లోకి వెళ్ళాలి, ఫిల్టర్ అక్కడ కూడా నడుస్తూనే ఉండాలి. లీకు టెస్ట్ వేరే గదిలో ముందే చేసేయండి. నింపే నీళ్ళని ముందు రోజే డ్రమ్ముల్లో పట్టి క్లోరిన్ తీసి ఉంచండి.

ఇల్లు కూడా మారుతున్నాం, విజయవాడ నుంచి గుంటూరు? ట్యాంక్‌ని నీళ్ళతో ఎత్తొద్దు, రెండంగుళాల నీళ్ళున్నా అతుకులు వదులుతాయి. చేపల సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతాది గాలి. సంచుల్ని థర్మాకోల్ పెట్టెలో పెట్టి చల్లటి వేళ బయల్దేరండి. ఫిల్టర్ స్పాంజ్‌ని కొద్దిపాటి పాత నీళ్ళతో మూత వదులుగా ఉన్న డబ్బాలో తీసుకెళ్ళండి. వెళ్ళగానే సామాన్లు సర్దడం కంటే ముందు దాన్ని ఆన్ చేయండి.

పనిలో ఉండగా కరెంటు పోతే? ఇన్వర్టర్ లైనుకి ఎయిర్ పంప్ ఒక్కటి కలిపితే చాలు, అది తీసుకునే కరెంటు చాలా తక్కువ. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంప్ కొని ఉంచుకోండి. ఏదీ లేనప్పుడు మగ్గుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి.

సక్కర్ ఫిష్ మరీ పెరిగింది, కొత్త ట్యాంక్‌లో వద్దనుకుంటున్నాం, కాలవలో వదిలేయొచ్చా? వదలొద్దు. బందరు కాలవైనా, ఏలూరు కాలవైనా, రైవస్ కాలవైనా. ఇలా వదిలినవి పెరిగే మన నీళ్ళలో చేరాయి, చెరువుల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. షాపుకి తిరిగివ్వండి, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్ళకివ్వండి.

ట్యాంక్ బోసిగా ఉంది, ఇంకో నాలుగు చేపలు ఎప్పుడు తేవచ్చు? అమ్మోనియా, నైట్రైట్ వరసగా మూడు వారాలు సున్నా చూపించాక, ఒకసారికి ఒకటి రెండు. తెచ్చినవాటిని ముందు రెండు మూడు వారాలు పాత చిన్న ట్యాంక్‌లో విడిగా ఉంచండి. అందుకే దాన్ని ఇప్పుడే అమ్మేయకండి. ఆ చిన్న ట్యాంక్‌కి కావలసిన ఫిల్టర్ కోసం, పెద్ద ట్యాంక్‌లో ఒక మూల ఇంకో స్పాంజ్ ఇప్పటి నుంచే నడుస్తుండాలి.